చచ్చియు చావని ప్రజ్ఞ: పాత్రధారణ క్రీడలలో మృతుల చరిత్ర

మరణించినవాడు మరల లేచివచ్చి మాటలాడుట ఏ జాతి వాఙ్మయానికీ కొత్త విషయం కాదు. కాని అట్లు లేచివచ్చినవారిని వర్గాలుగా విభజించి, ఒక్కొక్కరి బలానికి, బుద్ధికి కొలతలు కట్టి, పట్టికలో వరుసగా నిలబెట్టిన ఘనత 20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో అమెరికాలో పుట్టిన ఒక వినోదానికి దక్కినది. దానిని ఇంగ్లీషువారు రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు; మనం పాత్రధారణ క్రీడ అనవచ్చును. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు సూత్రధారి, తక్కినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేయునో, ఏమి పలుకునో నోటితో చెబుతారు. ఫలితాన్ని పాచికలు తేలుస్తాయి. నాటకంలో వలె ముందుగా వ్రాసిన సంభాషణలు లేవు. చదరంగంలో వలె ఎదుటివానిని ఓడించుటతో ముగియదు. ఆడుతుండగానే కథ పుడుతుంది.

ఈ కథలలో ఎదురయ్యే శత్రుగణంలో ‘అన్‌డెడ్’ అనే వర్గం ప్రత్యేకమైనది. చచ్చి కూడా చావనివారు వీరు. వీరిలో రెండు తెగలున్నవి. ఒక తెగ ఎముకల గూళ్లు, నడిచే పీనుగులు; వాటికి బుద్ధి లేదు. రెండవ తెగవారికి జ్ఞాపకమున్నది, తర్కమున్నది, పగ ఉన్నది, వ్యూహమున్నది. ఈ రెండవ తెగ జానపదుల విశ్వాసం నుండి తిన్నగా వచ్చినదనుకొనుట సహజమే గాని, అది సరికాదు. అనువాదకులు తెచ్చిన పదాలు, నియమగ్రంథకర్తలు కట్టిన పట్టికలు, ఆటగాళ్లు అరువిచ్చిన మనస్సులు, ఈ మూడింటి కలయికవలన బుద్ధిగల మృతుడు రూపొందినాడు. అనువాదం వృత్తిగా గలవారికి, కథ వ్రాయువారికి ఈ చరిత్రలో తెలిసికొనదగినది కొంత కలదు.

1971లో గారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అనువారు ‘చెయిన్‌మెయిల్’ అనే చిన్న యుద్ధక్రీడాగ్రంథాన్ని ప్రచురించినారు. మధ్యయుగపు సేనలను బొమ్మలతో నడిపే ఆట అది. చివర ఒక అనుబంధంలో మాంత్రికులకు, భూతాలకు కూడ చోటిచ్చినారు. ఆ రోజులలోనే మినెసోటా రాష్ట్రంలో డేవ్ ఆర్నెసన్ ‘బ్లాక్‌మూర్’ అనే కల్పితసీమలో తన మిత్రులచేత వ్యక్తిపాత్రలను ఆడించుచుండెను. ఈ రెండు పాయలు కలిసి 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అయినది. తరువాత వచ్చిన ఇట్టి క్రీడలన్నిటికీ మూలం అదియే.

మొదట బుద్ధిలేని తెగను చూడవలెను. దానికి ఎదురుగా నిలిపినప్పుడే రెండవ తెగ స్వభావం తెలియును. 1974 గ్రంథం ప్రకారం ఎముకలగూడు, జాంబీ తమంతట తాము ఏమియు చేయవు. లేపినవాని ఆజ్ఞ మేరకే చరిస్తాయి. జాంబీ అనే మాట హైతీ ద్వీపానిది. ఆఫ్రికా నుండి బానిసలను తెచ్చి చెరకుతోటలలో చాకిరీ చేయించిన నేల అది. 1929లో విలియం సీబ్రూక్ వ్రాసిన ‘ది మ్యాజిక్ ఐలాండ్’ అనే యాత్రాగ్రంథం ఆ మాటను అమెరికా చదువరులకు అలవాటు చేసినది. 1932లో ‘వైట్ జాంబీ’ చలనచిత్రం వచ్చినది. హైతీ ప్రజలు భయపడినది జాంబీ తమ్ము కరచునని కాదు, తాము జాంబీ కావలసివచ్చునని. చావుతోనైనా చాకిరీ తప్పునన్న ఆశ కూడ లేకుండ పోవుటయే ఆ భయం. 1968లో జార్జి రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ ఈ శవాలకు మనుష్యమాంసం రుచి చూపినది, యజమానిని తొలగించినది. క్రీడాగ్రంథం మాత్రం పాత యజమానిని విడువలేదు. దానిలో జాంబీ అనగా ఇచ్ఛ లేని శరీరం.

ఇక ఇచ్ఛ గల మృతులు. 1974 గ్రంథంలో మతాచార్యుడు తన మహిమతో పారద్రోలగల మృతుల పట్టిక ఒకటి ఉన్నది. ఎనిమిది మెట్లు: ఎముకలగూడు, జాంబీ, గూల్, వైట్, రేత్, మమ్మీ, స్పెక్టర్, వాంపైర్. ఇంగ్లీషు నిఘంటువు తెరచి చూచినవారికి ఇందులో ఒక వింత తోచును. వైట్, రేత్, స్పెక్టర్ అనేవి మూడు జాతుల పేర్లు కావు. వైట్ అనగా ప్రాచీనాంగ్లంలో కేవలం ప్రాణి. చాసర్ కాలానికి కూడ మనిషి అనియే అర్థం. రేత్ అనేది స్కాట్లండు మాట. 1513లో గావిన్ డగ్లస్ వర్జిల్ మహాకావ్యాన్ని స్కాట్సు భాషలోనికి తెచ్చినప్పుడు వాడిన మాట. స్పెక్టర్ లాటిను నుండి ఫ్రెంచి మీదుగా వచ్చినది, కంటికి కనబడునది అని దాని మూలార్థం. ఒకటి నాటుమాట, ఒకటి మాండలికం, ఒకటి తత్సమం వంటిది. భూతం, దయ్యం, పిశాచం అనేవాటిని మూడు జంతువులుగా లెక్కించి ఒకదానికంటె ఒకటి బలమైనదని శాసించినట్లు, పర్యాయపదాలను పట్టిక జాతులుగా మార్చివేసినది. 1971 నాటి చెయిన్‌మెయిల్‌లో వైట్, గూల్ ఒకే పద్దు కింద ఉండినవి; మూడేండ్లలో విడిపోయినవి. ఆటగాడు ఎదిగినకొద్దీ శత్రువు కూడ ఎదగవలెను గదా! నిఘంటువులోని సంపద ఆ అవసరానికి పనికివచ్చినది.

ఈ మాటల వెనుక కథలు లేకపోలేదు. వైట్ వెనుక టోల్కీన్ ఉన్నాడు. 1954లో వెలువడిన ‘ది ఫెలోషిప్ ఆఫ్ ది రింగ్’లో పురాతన సమాధులలో నివసించే బారో-వైట్‌లు కనబడతారు, వారి వెనుక ఐస్లాండు సాగాలలోని ద్రౌగర్‌లు, అనగా సమాధిలో తమ ధనాన్ని కాచుకొని కూర్చుండి, వచ్చినవారితో కలియబడే మృతులు ఉన్నారు. రేత్ వెనుక అదే గ్రంథంలోని తొమ్మండుగురు ఉంగరపు బానిసలు ఉన్నారు. చెయిన్‌మెయిల్ వారిని పేరుతోనే స్మరించినది. గూల్ కథ ఇంకను చిత్రమైనది. అరబ్బుల ఎడారిలో గూల్ మృతుడు కాడు. బాటసారులను దారి తప్పించి తినే కామరూపి. 18వ శతాబ్దారంభంలో ఆంత్వాన్ గల్లాండ్ ‘వేయిన్నొక్క రాత్రుల’ను ఫ్రెంచిలోనికి తెచ్చినప్పుడు గూల్ శ్మశానంలో శవాలు తినే జీవిగా యూరపుకు చేరినది. శవాన్ని తినునది కాలక్రమాన శవమే అయినది. ఒక అనువాదకుని కలం నుండి జారిన స్వభావం రెండున్నర శతాబ్దాల పిమ్మట ఆటబల్ల మీద పాచికలను శాసించుచున్నది.

ఈ మెట్లకు బుద్ధి కూడ కొలతగా చేరినది 1977లో. ఆ సంవత్సరం గైగాక్స్ కూర్చిన ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో ప్రతి జీవికీ బుద్ధి ఎంత అని ఒక గడి ఉన్నది. ఎముకలగూటికి, జాంబీకి శూన్యం, గూల్‌కు అల్పం, వైట్‌కు సామాన్యం, స్పెక్టర్‌కు అధికం, వాంపైర్‌కు అసాధారణం. ఈ ఎగుడు మెట్లలో ఒక లక్షణం గమనించవలెను. వైట్ మొదలుకొని వాంపైర్ వరకు గల ఇట్టి మృతులలో పలువురు తాకినంతనే మనిషి గడించిన ‘స్థాయి’ తగ్గిపోవును. ఈ క్రీడలో స్థాయి అనగా కూడబెట్టిన అనుభవం. రక్తమాంసాలు కాదు, ఇంతకాలం నేర్చినదానిని వారు అపహరిస్తారు. మతి లేని శవం దేహాన్ని కొట్టును. మతి గల శవం జీవితాన్ని దోచును.

పట్టికలో చివరి మెట్టు వాంపైర్‌ది. అతనికి మొదటినుండి బుద్ధి ఉన్నదని మనం అనుకొంటాము గాని, 1725లో, 1732లో సెర్బియా గ్రామాల నుండి ఆస్ట్రియా అధికారులు పంపిన నివేదికలలోని వాంపైర్ ఒక రైతు శవం మాత్రమే. ఉబ్బిన దేహం, ఎర్రబారిన నోరు, ఊరివారి మరణాలు. అంతకుమించి ఆలోచన లేదు. 1819లో జాన్ పోలిదోరి ‘ది వాంపైర్’ కథలో అతనికి ప్రభుపదవి ఇచ్చి లండను విందులలో కూర్చుండబెట్టినాడు. బుద్ధి, సంస్కారం, వాక్చాతుర్యం ఆ పదవితోనే వచ్చినవి. 1897లో బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ వ్రాసినాడు. ప్రచురణకు ముందు వ్రాతప్రతికి అతడు పెట్టుకొన్న పేరు ‘ది అన్-డెడ్’. తరువాతి క్రీడలకు వర్గనామం అయినది ఆ మాటయే.

ఆ మాట అసలు అర్థం వేరు. 14వ శతాబ్దపు విక్లిఫ్ బైబిలులో ‘అన్‌డెడ్లీ’ అనేది దేవుని విశేషణం. చావు లేనివాడు అని భావం. అక్షరాలా మన ‘అమృతుడు’. రెండు భాషలలోను ఒకే నిర్మాణం: నిషేధార్థకమైన ఉపసర్గ, దాని వెంట చావు. మన భాషలో ఆ మాట దేవతల వద్దనే నిలిచిపోయినది. ఇంగ్లీషులో దివినుండి శ్మశానానికి దిగినది.

బుద్ధిగల మృతుని చరిత్రలో ముఖ్యఘట్టం బ్లాక్‌మూర్‌లో జరిగినది. ఆర్నెసన్ నడిపిన ఆ ఆటలో ఒక పాత్ర వాంపైర్‌గా మారి ‘సర్ ఫాంగ్’ అనే పేరుతో విజృంభించినది. దానిని నడుపుచున్నది సూత్రధారి కాదు, ఒక ఆటగాడు. నిజమైన మనిషి మనస్సు దాని వెనుక ఉండుటచేత దానిని ఎదిరించుట తక్కినవారికి దుస్సాధ్యమైనది. దానికి విరుగుడుగా మరియొక ఆటగానికి ఒక మతాచార్యుని పాత్ర కల్పించినారు. బ్రిటనులోని హామర్ సంస్థవారి డ్రాకులా చిత్రాలలో పీటర్ కుషింగ్ ధరించిన వాన్ హెల్సింగ్ పాత్ర దానికి ఒరవడి. నేటికిని ఈ క్రీడలలో నిలిచియున్న ‘క్లెరిక్’ అనే వృత్తి అట్లు పుట్టినదే. పైన చెప్పిన ఎనిమిది మెట్ల పట్టిక కూడ అతని కొరకే. అనగా ఈ వినోదంలో మొదటి బుద్ధిగల మృతుడు గ్రంథం నుండి రాలేదు. ఒక సజీవుడు తన బుద్ధిని శవానికి అరువిచ్చినాడు. జానపదులు ఇవ్వనిది, నవలాకారుడు కొంత ఇచ్చినది, ఆటగాడు పూర్తిగా ఇచ్చినాడు.

వాంపైర్‌ను కూడ మించినవాడు 1975లో ‘గ్రేహాక్’ అనుబంధగ్రంథంతో వచ్చినాడు. అతడే లిచ్. లిచ్ అనగా ప్రాచీనాంగ్లంలో దేహం, శవం. ఇంగ్లండులో చర్చి ఆవరణకు శవాన్ని తెచ్చి కొంతసేపు నిలిపే ద్వారాన్ని నేటికీ లిచ్-గేట్ అంటారు. ఇంగ్లీషు క్రియావిశేషణాల చివర వినబడే ‘లీ’ ప్రత్యయం కూడ ఆ ధాతువు నుండియే వచ్చినది. ఇట్టి సామాన్యపదం మహామాంత్రికుని బిరుదగుటకు కారణం గార్డనర్ ఫాక్స్. 1969లో వెలువడిన అతని కోథార్ కథలలో అఫ్‌గోర్కాన్ అనే మృతమాంత్రికుడు ఉన్నాడు. తన లిచ్‌కు ప్రేరణ అక్కడిదేనని గైగాక్స్ తరువాతి కాలంలో స్వయంగా చెప్పినాడు. 1979లో తాను ప్రకటించిన ప్రేరకగ్రంథాల జాబితాలో ఫాక్స్ పేరును చేర్చినాడు కూడ. మృతమాంత్రికుల కథలలో అందరికంటె అందెవేసిన చేయి అయిన క్లార్క్ ఆష్టన్ స్మిత్ పేరు ఆ జాబితాలో లేదు. 1932 నాటికే అతడు మాంత్రికులు లేపిన శవాలు తమ దాస్యాన్ని తెలిసికొని తిరుగబడిన కథ వ్రాసియున్నాడు.

లిచ్‌ను ఎవరును శపింపలేదు, ఎవరును కరవలేదు. అతడు తనంతట తానే అట్లు అయినాడు. 1977 గ్రంథం ప్రకారం సంకల్పబలంతో, మంత్రాలతో, ‘ఫైలాక్టరీ’ అనే ఒక వస్తువుతో మాంత్రికుడు మానుషస్థితిని దాటి ఈ స్థితిని పొందును. బుద్ధి గడిలో అతని ఎదుట ఉన్నది దాదాపు అత్యున్నతమైన శ్రేణి. 1989 నాటి రెండవ కూర్పుకు ఫైలాక్టరీ అర్థం స్థిరపడినది: లిచ్ ప్రాణం దాగిన భరిణె. దానిని పగులగొట్టనిదే అతడు నశింపడు. ఆ మాట గ్రీకులో రక్షరేకు. యూదులు ప్రార్థనాసమయంలో నుదుటను, భుజాన కట్టుకొనే పవిత్రగ్రంథపు పేటికలకు ఇంగ్లీషులో అదే పేరు. ఒక జాతి పూజాద్రవ్యం పేరు దుర్మాంత్రికుని ప్రాణభాండానికి పెట్టుట తగదన్న విమర్శ వచ్చి, ఇటీవలి సంవత్సరాలలో ప్రచురణకర్తలు ఆ మాటను తొలగించుచున్నారు. పరభాషాపదాన్ని దాని ఇంటినుండి పెకలించి తెచ్చువారు ఎన్నటికైనను చెల్లింపవలసిన మూల్యం ఇది.

ప్రాణం దేహానికి వెలుపల దాగుట అనే కథాబీజం మాత్రం చాల పాతది. రష్యా కథలలో కోష్చెయి అనే చావులేని దుష్టుని ప్రాణం సూదిలో, సూది గ్రుడ్డులో, గ్రుడ్డు బాతులో, బాతు కుందేటిలో ఉండును. సర్ జేమ్స్ ఫ్రేజర్ ‘ది గోల్డెన్ బౌ’లో ఈ బీజాన్ని చర్చించుచు ఎత్తుకొన్న ఉదాహరణలలో మొదటిది దక్కనుది. 1868లో మేరీ ఫ్రియర్ ప్రచురించిన ‘ఓల్డ్ దక్కన్ డేస్’ అనే సంపుటంలో పంచ్‌కిన్ అనే మాంత్రికుని కథ అది. చెప్పినది ఆమె ఆయా అన్నా లిబెరాటా డి సౌజా. మాంత్రికుడు రాకుమారిని చెరపట్టును, ఆమె భర్తను రాయి చేయును. పసివాడు పెరిగి తల్లిని వెదకుచు వచ్చును. మాంత్రికుని ప్రాణం దూరారణ్యంలో ఒక పచ్చని చిలుకలో ఉండును. ఆ రాకుమారి పేరు బల్నా. తెలుగువారికి ఇక చెప్పనవసరం లేదు. బుర్రకథలలో, 1942 నాటి జెమినీ చిత్రంలో మనవారిని ఉర్రూతలూపిన బాలనాగమ్మ, మాయల మరాఠి, ఏడు సముద్రాల ఆవలి చిలుక ఇక్కడ వేరొక వేషంలో ఉన్నారు. ఆయా చెప్పిన కథ ఫ్రేజర్ ద్వారా ఇంగ్లీషు చదువరుల సామాన్యజ్ఞానంలో చేరిపోయినది.

పోలికతో పాటు భేదాన్ని కూడ చూడవలెను. మాయల మరాఠి ప్రాణాన్ని చిలుకలో దాచినది బ్రతుకుటకు. అతడు తింటాడు, మోహిస్తాడు, ఆ మోహంవలననే రహస్యాన్ని బయటపెట్టి నశిస్తాడు. లిచ్ ప్రాణాన్ని దాచినది ఆలోచించుటకు. దేహం, ఆకలి, మోహం అన్నీ ఎండిపోయినవి. మేధ ఒక్కటే మిగిలినది. 1975లో పోటీ కొరకు వ్రాసి 1978లో అచ్చువేసిన ‘టూమ్ ఆఫ్ హారర్స్’లో ఈ పరిణామం పరాకాష్ఠకు చేరినది. అందలి అసెరెరాక్‌కు పుర్రె తప్ప శరీరం లేదు.

ఇంత బుద్ధి గలవాడు ఊరక గదిలో కూర్చుండి చంపేవారి కొరకు ఎదురుచూచుట కథకు పొసగదు. 1983లో ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ దంపతులు ‘రేవెన్‌లాఫ్ట్’ వ్రాసి ఈ లోపాన్ని సవరించినారు. స్ట్రాడ్ అనే వాంపైర్ ప్రభువు అందులో నాయకుడు, ప్రతినాయకుడు రెండును. తమ్ముని ప్రియురాలిని కోరి తమ్మునే చంపినవాడు. అతడు ఈసారి ఏమి కోరుచున్నాడో ఆటలో తీసే జోస్యపు చీట్లు నిర్ణయించును. మృతునికి బుద్ధితో పాటు కోరిక, కోరికతో పాటు గతం వచ్చినవి. 1991లో మార్క్ రైన్-హేగెన్ ‘వాంపైర్: ది మాస్కరేడ్’తో ఆటగాళ్లందరినీ వాంపైర్లనే చేసినాడు. సర్ ఫాంగ్ ఒక్కడు చేసినది ఇప్పుడు అందరి పని అయినది. ఆ గ్రంథంలో పాత్రకు ‘మానవత’ అనే ఒక లెక్క ఉన్నది; క్రూరకార్యం చేసినప్పుడెల్ల అది తరుగును, అడుగంటినప్పుడు ఆ పాత్ర పశుప్రాయమై ఆటగాని చేయి జారిపోవును. 1977లో మృతుని బుద్ధిని కొలిచినారు. 1991లో అతనిలో మిగిలిన మనిషిని కొలిచినారు. ఈ పదునాలుగేండ్లలో జరిగిన అసలు మార్పు ఇది. బుద్ధి ఉన్నంతమాత్రాన మనిషి మిగిలినట్లు కాదని ఒక వినోదం తన లెక్కల ద్వారానే తెలిసికొన్నది.

ఇట్టి కథలను తెలుగులోనికి తేవలసివచ్చినప్పుడు మనం ఏ మాట వాడవలెను? ‘అమృతుడు’ అన్నచో దేవతలు అడ్డువస్తారు. ‘జీవచ్ఛవం’ అన్నచో అర్థం తలక్రిందులగును. అది బ్రతికి చచ్చినవానిని చెప్పును గాని చచ్చి బ్రతికినవానిని చెప్పదు. ‘ప్రేతం’ అనేది కర్మకాండతో తీరిపోయే నడిమి దశ. మనుస్మృతి 12వ అధ్యాయంలోని బ్రహ్మరాక్షసుడు విద్యావంతుడైన భూతంగా లోకప్రసిద్ధుడే గాని, అతని స్థితి పాపఫలం. లిచ్ స్థితి స్వయంకృతం. ఇక బేతాళుడున్నాడు. చెట్టుకు వ్రేలాడే శవంలో చేరి విక్రమార్కుని ప్రశ్నలడిగేవాడు. చందమామ పాఠకులకు దశాబ్దాలపాటు చిరపరిచితుడు. 1870లో రిచర్డ్ బర్టన్ ఆ కథలను ఇంగ్లీషులోనికి తెచ్చి అతనికి వాంపైర్ అని పేరు పెట్టినాడు. రక్తం త్రాగని, న్యాయాన్యాయాలు విచారించి కడకు రాజును దుర్మాంత్రికుని చేతినుండి కాపాడిన బేతాళుడు ఆ పేరుతో రక్తపిపాసి అయినాడు. మనం లిచ్‌ను బేతాళుడన్నచో అదే అన్యాయాన్ని ఎదురుదిశ నుండి చేసినవారమగుదుము.

కాబట్టి లిచ్‌ను లిచ్‌గానే ఉంచి, అతని స్వభావాన్ని కథ చేత చెప్పించుట మేలు. బేతాళుని ప్రజ్ఞ బ్రతికినవాని వివేకాన్ని పరీక్షించును, పరీక్ష నెగ్గినవానికి మేలు చేయును. లిచ్ ప్రజ్ఞ తన్ను తాను కాచుకొనుటకే ఉన్నది; ఎవరికిని ఏమియు చెప్పదు. రెండూ చావును దాటిన బుద్ధులే. ఒకటి సంభాషణ, మరియొకటి నిక్షేపం. ఈ రెంటికి ఒకే మాట పెట్టిన నాడు మన పాఠకునికి ఒక కథ దొరకును గాని, రెండు లోకాలు పోవును.